కుమార్ రాకర్ భుజం, మన వాళ్ల మెడికల్

షుఐబా, కువైట్ నుండి



మన పత్రికలో క్రికెట్ గురించి చాలాసార్లు చదివారు. ఈసారి నేను బేస్‌బాల్ గురించి రాస్తున్నాను. ఎందుకు అని మీరు అడగవచ్చు. మొదటి కారణం ఒక పేరు. ఆ పేరు కుమార్. కుమారుడు అంటే కొడుకు అని గుడి బడిలో అందరం నేర్చుకున్నాం. మన కుటుంబాల్లో ఒక కుమార్ లేని ఇల్లు తక్కువ. అలాంటి పేరు అమెరికా బేస్‌బాల్ చొక్కా మీద కనిపిస్తే ఎవరికైనా ఆగి చూడాలనిపిస్తుంది.

రెండవ కారణం పెద్దది. ఈ యువకుడి కథలో ఒక వైద్య పరీక్ష ఉంది. ఆ పరీక్ష వల్ల చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోయింది. నేను ఉంటున్న ఈ ప్రాంతంలో ఆ మాట వింటే చాలామంది తల ఊపుతారు. వాళ్లకు బేస్‌బాల్ తెలియదు. కానీ ‘మెడికల్’ అంటే ఏమిటో బాగా తెలుసు.

కుమార్ ఎవరు?

కుమార్ రాకర్ 1999 నవంబర్ 22న అమెరికాలో పుట్టాడు. తండ్రి ట్రేసీ రాకర్. ఆయన అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు పొందిన ఆటగాడు, తరువాత శిక్షకుడు. తల్లి పేరు లలిత. ఆమె తల్లిదండ్రులు భారతదేశం నుండి అమెరికాకు వలస వెళ్లినవారు. అంటే కుమార్ ఇంట్లో రెండు చరిత్రలు కలిశాయి. ఒకటి నల్లజాతి అమెరికన్ల చరిత్ర. ఇంకొకటి సముద్రం దాటిన భారతీయుల చరిత్ర. దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగిన నాకు ఈ కలయిక కొత్తగా అనిపించలేదు.

కుమార్ జార్జియా రాష్ట్రంలో బడికి వెళ్లాడు. అతను పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు అనుకోండి. కానీ తేడాలు ఉన్నాయి. బౌలర్ పరుగెత్తి వచ్చి, చేయి తిన్నగా ఉంచి బంతి వేస్తాడు. పిచ్చర్ నిలబడిన చోటు నుండే మోచేయి వంచి విసురుతాడు. మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. బంతి నేలను తాకకుండా నేరుగా వెళ్తుంది. ఆ వేగం అంతా భుజం మీద, మోచేయి మీద పడుతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి. కథంతా దాని మీదే నడుస్తుంది.

బడి నుండి కాలేజీకి, కాలేజీ నుండి వృత్తికి

అమెరికాలో ప్రతి సంవత్సరం ‘డ్రాఫ్ట్’ జరుగుతుంది. డ్రాఫ్ట్ అంటే ఎంపిక. మేజర్ లీగ్‌లో 30 జట్లు ఉన్నాయి. అవి వరుసగా ఒక్కొక్క కొత్త ఆటగాడి పేరు పిలుస్తాయి. ఒక జట్టు పేరు పిలిస్తే ఆటగాడు ఆ జట్టుతోనే మాట్లాడాలి. ఇంకో జట్టును తానుగా ఎంచుకోలేడు. ఒప్పందం నచ్చకపోతే సంతకం చేయకుండా ఉండవచ్చు.

2018లో కుమార్ బడి చదువు ముగించాడు. ఆ ఏడాది కొలరాడో రాకీస్ జట్టు అతని పేరును 38వ వరుసలో పిలిచింది. అది చాలా కింది వరుస. కుమార్ సంతకం చేయలేదు. నాష్‌విల్ నగరంలో ఉన్న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. నాలుగేళ్ల కాలేజీలో చేరిన ఆటగాడిని మళ్లీ డ్రాఫ్ట్‌లో పిలవాలంటే అతను మూడేళ్లు చదివి ఉండాలి, లేదా 21 ఏళ్లు నిండాలి. కాబట్టి కాలేజీ అంటే మూడేళ్ల ఓపిక.

మొదటి ఏడాదిలోనే అతని పేరు దేశమంతా వినిపించింది. 2019 జూన్ 8న డ్యూక్ విశ్వవిద్యాలయంతో ఆట. ముందు ఆటలో వాండర్‌బిల్ట్ 18–5 తేడాతో ఓడింది. ఇంకొకటి ఓడితే ఆ ఏడాది ఆట ముగిసినట్లే. ఆ రాత్రి 19 ఏళ్ల కుమార్ బంతి అందుకున్నాడు. తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తం తానే విసిరాడు. ఎదుటి జట్టులో ఒక్కరు కూడా బంతిని కొట్టి బేస్ చేరలేకపోయారు. దీన్ని ‘నో హిట్టర్’ అంటారు. ఒక జట్టును ముగించడానికి 27 అవుట్లు కావాలి. వాటిలో 19 మందిని బంతితోనే వెనక్కి పంపాడు. వాండర్‌బిల్ట్ 3–0తో గెలిచింది. అదే నెలలో ఒమాహా నగరంలో జరిగిన కాలేజీ ప్రపంచ సిరీస్‌ను కూడా గెలిచింది. ఆ పోటీలో ఉత్తమ ఆటగాడు కుమార్.

2020లో కోవిడ్ వచ్చి కాలేజీ ఆటలు మధ్యలో ఆగిపోయాయి. 2021లో కుమార్ మళ్లీ బాగా ఆడాడు. 122 ఇన్నింగ్స్‌లో 179 మందిని బంతితోనే వెనక్కి పంపాడు. జట్టు మళ్లీ చివరి పోటీకి చేరింది. కానీ మిసిసిపీ స్టేట్ చేతిలో ఓడింది. నిర్ణయం తేల్చే ఆఖరి ఆటలో బంతి విసరడం మొదలుపెట్టింది కుమారే. ఓటమి లెక్క కూడా అతని పేరు మీదే పడింది.

నోటిదాకా వచ్చిన ముద్ద

2021 జూలైలో డ్రాఫ్ట్ జరిగింది. న్యూయార్క్ మెట్స్ జట్టు 10వ పేరుగా కుమార్‌ను పిలిచింది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలు వచ్చాయి. ఇక సంతకమే మిగిలింది.

సంతకానికి ముందు వైద్య పరీక్ష జరిగింది. జట్టు వైద్యులకు అతని చేయి విషయంలో సందేహం కలిగింది. కుమార్ తరఫు ఏజెంట్ అతను ఆరోగ్యంగా ఉన్నాడని చెప్పాడు. సంతకానికి గడువు ఆగస్టు 1. ఆ రోజు గడిచింది. మెట్స్ ఒప్పందం ఇవ్వలేదు. డ్రాఫ్ట్‌కు ముందే ఎంఆర్‌ఐ చిత్రాలు ఇచ్చిన ఆటగాడికి జట్టు కనీసం కొంత మొత్తమైనా చూపాలనే నియమం ఉంది. కుమార్ ఆ చిత్రాలు ఇవ్వలేదు. కాబట్టి జట్టు ఏమీ చూపనవసరం లేకపోయింది. అతన్ని వదులుకున్నందుకు మెట్స్‌కు మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో 11వ స్థానం దొరికింది. కుమార్‌కు ఏమీ దొరకలేదు.

తెలుగులో ఒక మాట ఉంది. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలైంది అంటారు. ముద్ద అంటే చేత్తో కలిపి పట్టుకున్న అన్నం. అంతా సిద్ధమై, చివరి క్షణంలో పోయినప్పుడు ఈ మాట వాడతాం. కుమార్‌కు అదే జరిగింది.

వైద్యులు చూసింది పూర్తిగా అబద్ధం కాదు. ఆ సెప్టెంబర్‌లో కుమార్ భుజానికి శస్త్రచికిత్స జరిగింది. శస్త్రచికిత్స అంటే ఆపరేషన్. అయితే ఆ భుజం పని అయిపోయిందా అంటే, అదీ లేదు. రెండు మాటలూ నిజమే. శరీరాన్ని పరీక్షించే కాగితం ఆ రోజు ఏముందో చెబుతుంది. రేపు ఏమవుతుందో అది చెప్పలేదు.

షుఐబాలో ఈ కథ ఎలా వినిపిస్తుంది?

షుఐబా కువైట్ నగరానికి దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఉంది. 1960లలో ఇక్కడ పరిశ్రమల ప్రాంతం, రేవు కట్టారు. 1968లో చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. 2017లో దాన్ని మూసేశారు. కానీ చుట్టూ ఇంకా ఎన్నో కర్మాగారాలు, గోదాములు, రేవు పనులు ఉన్నాయి. ఉత్తరాన ఫహాహీల్ ఊరు. అక్కడి దుకాణాల్లో, బస్సుల్లో తెలుగు రోజూ వినిపిస్తుంది. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు, గోదావరి జిల్లాలు అని తమ ఊళ్ల పేర్లు చెబుతారు. నా తెలుగు విని ముందు నవ్వుతారు. “పుస్తకం చదివినట్టు మాట్లాడతారు మేడం” అంటారు. తరువాత ఆఫ్రికాలో తెలుగు ఉందా అని ఆశ్చర్యపోతారు.

మా బడి బస్సు నడిపే అబ్బాయిది రాజంపేట వైపు. శుక్రవారం సెలవు. ఆ రోజు అతను తమ్ముడి కంపెనీ వాళ్లతో కలిసి ఇసుక నేల మీద క్రికెట్ ఆడతాడు. ఒకరోజు పిల్లలు దిగాక నేను అతనికి కుమార్ కథ చెప్పాను. అరవై లక్షల డాలర్లు అని విని అతను ఆశ్చర్యపోలేదు. మెడికల్ దగ్గర ఆగిపోయాడు.

“ఇంటర్ పరీక్షకు కూడా అంత భయపడలేదు మేడం, మెడికల్‌కు భయపడినా” అన్నాడు.

విద్యార్థులు గమనించండి. ‘భయపడ్డాను’ అని మనం నేర్చుకున్నాం. రాయలసీమలో ‘భయపడినా’ అంటారు. రెండూ తెలుగే.

తరువాత అతను వివరంగా చెప్పాడు. కువైట్‌కు రావాలంటే ముందు ఇండియాలోనే గుర్తింపు ఉన్న కేంద్రంలో వైద్య పరీక్ష చేయించుకోవాలి. రక్తం చూస్తారు. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో నయమైన క్షయ వ్యాధి మచ్చ ఊపిరితిత్తి మీద కనిపించినా ‘అన్‌ఫిట్’ అని రాయవచ్చు. అన్‌ఫిట్ అంటే తగనివాడు. కువైట్‌లో దిగాక మళ్లీ పరీక్ష ఉంటుంది. అందులో కూడా నెగ్గితేనే అకామా వస్తుంది. అకామా అంటే ఇక్కడ ఉండడానికి అనుమతి. అది లేకపోతే జీతం లేదు, వైద్యం లేదు, తిరగడానికి ధైర్యం లేదు.

“మా చిన్నాన్న కొడుక్కు ఒకసారి అన్‌ఫిట్ అని వచ్చింది. అప్పటికే వీసాకు అప్పు తెచ్చినాడు. ఆటగాడికి ఇంకో జట్టు ఉంటుంది మేడం. మావాడికి వడ్డీ ఉంది” అన్నాడు.

నేను ఆ మాటను ఇక్కడ అలాగే రాస్తున్నాను. దానికంటే బాగా నేను చెప్పలేను.

మన ముత్తాతల మెడికల్

ఈ కథ మనకు కూడా దూరం కాదు. 1860 నవంబర్ 16న ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ రేవుకు వచ్చింది. మద్రాసు నుండి 342 మందిని తెచ్చింది. అప్పటి నుండి 1911 వరకు ఒక లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు ఒప్పందం మీద నాటాల్‌కు వచ్చారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుండే వచ్చారు. వారిలో మన తెలుగువారు ఉన్నారు.

ఒప్పందం ఐదేళ్లు. మగవారికి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం. ఓడ ఎక్కే ముందు డిపోలో వైద్యుడు చూసేవాడు. చెరకు తోటలో పని చేయగల శరీరమేనా అన్నదే ప్రశ్న. ఓడ పట్టికలో ప్రతి మనిషికి ఒక సంఖ్య ఇచ్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఎత్తు రాశారు. శరీరం మీద ఉన్న మచ్చలు కూడా రాశారు. మనలో కొందరికి ముత్తాత గురించి మిగిలిన వివరం అదొక్కటే. ఆయన ఏం పాడేవారో మనకు తెలియదు. ఎడమ మోచేతి మీద మచ్చ ఉండేదని మాత్రం తెలుసు.

ఈ మూడింటినీ ఒకటే అనడం న్యాయం కాదు. కుమార్ ధనవంతమైన దేశపు పౌరుడు. అతనికి ఏజెంట్ ఉన్నాడు, చదువు ఉంది, వెనుక నిలిచే కుటుంబం ఉంది. డ్రైవర్ బంధువుకు అప్పు ఉంది. మన ముత్తాతకు కాగితం చదవడం కూడా రాకపోవచ్చు. కానీ ఒక పోలిక ఉంది. ముగ్గురి దగ్గరా అమ్మడానికి ఉన్నది శరీరపు బలం. దాన్ని కొనేవాడు ముందు వైద్యుణ్ణి పంపాడు. తేడా ఎక్కడంటే, ‘వద్దు’ అనే మాట విన్న తరువాత ఎవరికి ఏ దారి మిగిలింది అన్న దగ్గర.

కుమార్‌కు మిగిలిన దారి

కుమార్ కాలేజీ జట్టుకు తిరిగి వెళ్లలేదు. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రై సిటీ వ్యాలీక్యాట్స్ అనే జట్టులో చేరాడు. అది ఫ్రాంటియర్ లీగ్‌లో ఆడే స్వతంత్ర జట్టు. మేజర్ లీగ్ జట్లతో దానికి సంబంధం లేదు. కాలేజీలో వేలమంది ముందు ఆడినవాడు ఇక్కడ చిన్న మైదానంలో ఆడాడు. ఐదు ఆటలు ఆడాడు. 20 ఇన్నింగ్స్‌లో 32 మందిని బంతితోనే వెనక్కి పంపాడు. తన చేయి పని చేస్తుందని మాటతో చెప్పలేదు, బంతితో చూపించాడు.

ఆ జూలైలో టెక్సస్ రేంజర్స్ జట్టు అతన్ని మూడవ పేరుగా పిలిచింది. మూడవ పేరు! ముందు ఏడాది 10వ స్థానంలో పిలిచి వదిలేసిన ఆటగాడు ఇప్పుడు 3వ స్థానానికి ఎక్కాడు. 52 లక్షల డాలర్లకు సంతకం జరిగింది. కాలేజీలో అతనితో కలిసి బంతి విసిరిన జాక్ లైటర్ అప్పటికే రేంజర్స్ దగ్గర ఉన్నాడు.

సంతకం చేసిన వెంటనే ఎవరూ మేజర్ లీగ్‌లో ఆడరు. కింద మైనర్ లీగ్ మెట్లు ఉంటాయి. సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని నాలుగు మెట్లు. మొత్తం 120 జట్లు. చాలామంది ఈ మెట్ల మీదే ఆగిపోతారు. 2023లో కొత్త ఒప్పందం వచ్చాక ట్రిపుల్ ఏ ఆటగాడి జీతం ఏడాదికి 35,800 డాలర్లు అయింది. 2024లో మేజర్ లీగ్ కనీస జీతం 7,40,000 డాలర్లు. రెండింటి మధ్య ఒక్క మెట్టే.

కుమార్ 2023లో హై ఏ మెట్టు మీద మొదలుపెట్టాడు. మేలో మోచేతి స్నాయువు దెబ్బతింది. స్నాయువు అంటే రెండు ఎముకలను కలిపి పట్టే తాడు లాంటిది. దానికి ‘టామీ జాన్’ ఆపరేషన్ చేశారు. శరీరంలో ఇంకో చోటి నుండి తీసిన తాడును మోచేతిలో కుడతారు. 1974లో మొదటిసారి ఈ ఆపరేషన్ చేయించుకున్న ఆటగాడి పేరే దీనికి పెట్టారు. కోలుకోవడానికి ఏడాదికి పైగా పడుతుంది.

2024 సెప్టెంబర్ 12న, సియాటిల్ నగరంలో, కుమార్ మొదటిసారి మేజర్ లీగ్ మైదానంలోకి దిగాడు. నాలుగు ఇన్నింగ్స్ విసిరాడు. ఏడుగురిని బంతితోనే వెనక్కి పంపాడు. ఒక్క పరుగు ఇచ్చాడు. మెట్స్ వద్దన్న రోజు నుండి లెక్కిస్తే మూడేళ్లు దాటింది. తరువాత కూడా దారి నున్నగా లేదు. 2025లో భుజం నొప్పితో కొంతకాలం ఆటకు దూరమయ్యాడు. సినిమా అయితే సియాటిల్ దగ్గర ముగిసేది. ఇది సినిమా కాదు.

మన దేశపు ఇన్‌ఫీల్డర్

దక్షిణాఫ్రికా పాఠకులు ఇంకో పేరు కూడా తెలుసుకోవాలి. గిఫ్ట్ న్గోపే. 1990లో పొలోక్వానేలో పుట్టాడు. అతను ఇన్‌ఫీల్డర్, అంటే బేస్‌ల దగ్గర నిలబడి బంతిని ఆపేవాడు. క్రికెట్‌లో పాయింట్ దగ్గర నిలబడే చురుకైన ఫీల్డర్‌ను ఊహించుకోండి. పిచ్చర్ బతుకు ఒక భుజం మీద ఉంటుంది. ఇన్‌ఫీల్డర్ బతుకు కాళ్ల మీద, చేతుల మీద, కంటి చూపు మీద ఉంటుంది.

గిఫ్ట్ తల్లి రాండ్‌బర్గ్‌లోని ఒక బేస్‌బాల్ క్లబ్బులో పని చేసేది. తల్లీ పిల్లలు ఆ క్లబ్బు భవనంలోనే ఒక గదిలో ఉండేవారు. తలుపు తీస్తే మైదానం. ఆ క్లబ్బు పేరు కూడా మెట్స్‌యే! గిఫ్ట్‌కు అమెరికా కాలేజీ దారి లేదు. 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో నేరుగా సంతకం చేశాడు. మైనర్ లీగ్ మెట్ల మీద ఏళ్లు గడిచాయి. 2017 ఏప్రిల్ 26న మేజర్ లీగ్‌లో ఆడాడు. ఆఫ్రికా ఖండంలో పుట్టి అక్కడికి చేరిన మొదటి ఆటగాడు అతనే. మొదటిసారి బ్యాటు పట్టినప్పుడే బంతిని కొట్టి బేస్ చేరాడు. ఆ రోజును చూడడానికి తల్లి లేదు. ఆమె 2013లోనే చనిపోయింది. అతను మేజర్ లీగ్‌లో రెండు సీజన్లు, మొత్తం 41 ఆటలు ఆడాడు. తొమ్మిదేళ్ల ఎదురుచూపుకు 41 ఆటలు. తక్కువా, ఎక్కువా? నా తరగతిలో పిల్లలు దీని మీద గంట సేపు వాదించుకున్నారు. ఒక అమ్మాయి, “సున్నా కంటే 41 ఎక్కువ కదా టీచర్” అంది.

ఇళ్లలో మాట్లాడుకోవడానికి

ఆటలో పైకి రావాలనుకునే పిల్లలు మన కుటుంబాల్లో ఉన్నారు. తల్లిదండ్రులు “ముందు చదువు” అంటారు. పిల్లలు “వయసు దాటిపోతుంది” అంటారు. కుమార్ 18 ఏళ్లకే సంతకం చేయలేదు. మూడేళ్లు కాలేజీలో ఆడాడు. 38వ వరుసలో ఉన్న పేరు 10వ స్థానానికి వచ్చింది. గిఫ్ట్ అదే వయసులో సంతకం చేశాడు, ఎందుకంటే అతని ముందు ఉన్న తలుపు అదొక్కటే. ఇద్దరూ సరైన పనే చేశారని నేను అనుకుంటాను. ఎవరి ముందు ఎన్ని తలుపులు ఉన్నాయో చూసి మాట్లాడాలి.

ఇంకో మాట. ఎవరైనా మీతో ఒప్పందం గురించి మాట్లాడితే, “నా శరీరం దెబ్బతింటే ఏమవుతుంది?” అని అడగండి. జీతం ఎంత అని అడగడానికి ముందే ఇది అడగండి. ఆటగాడైనా, రేవు కూలీ అయినా, టీచరైనా ఇదే ప్రశ్న. మన పెద్దవాళ్లకు ఆ ప్రశ్న అడిగే వీలు లేకపోయింది. మీకు ఉంది.

ఈ నెల గుడి తరగతికి వచ్చే విద్యార్థులకు ఒక పని ఇస్తున్నాను. ఇంట్లో అవ్వను, తాతను అడిగి మీ కుటుంబపు ఓడ సంఖ్య తెలుసుకోండి. తెలియకపోతే డర్బన్‌లోని గాంధీ–లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఓడ పట్టికల గురించి అడగవచ్చు. ముత్తాత పేరు, ఊరు, ఎత్తు, మచ్చ తెలుగులో రాయండి. కింద ఇంకో ఐదు వాక్యాలు రాయండి. ఆ పట్టిక రాసిన గుమాస్తా ఆయన్ను అడగని విషయాలు అందులో ఉండాలి.